వేడెక్కితే వణికే పాత డీజిల్ పికప్: ఒక కేస్ స్టడీ

కంప్లయింట్ ఒక్క ముక్కలో వచ్చింది: "ఇంజిన్ మిస్ కొడుతోంది." అంటే మంట తప్పి తడబడుతోందని. బండి పాతికేళ్లు దాటిన డీజిల్ పికప్. 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, క్యాస్ట్ ఐరన్ హెడ్ (సిలిండర్ల పై మూత), పుష్ రాడ్లు, రోటరీ ఇంజెక్షన్ పంపు (సిలిండర్లకు వంతులవారీగా డీజిల్ పంచేది), ఇండైరెక్ట్ ఇంజెక్షన్ (డీజిల్‌ను ముందు ఒక చిన్న గదిలోకి కొట్టే పద్ధతి). టర్బో లేదు, సెన్సర్లు లేవు. స్కానర్ పెడదామంటే దానికి సాకెట్టే లేదు. మూడు లక్షల కిలోమీటర్లు దాటి తిరిగింది.

బండితో పాటు ఒక గోనెసంచి కూడా దిగింది. అందులో పాత నోజిళ్లు (సిలిండర్‌కు డీజిల్ చిమ్మేవి), పాత హీటర్ ప్లగ్గులు (చల్లటి ఇంజిన్ అందుకోవడానికి వేడినిచ్చేవి), పాత ఇంజిన్ మౌంటింగులు (ఇంజిన్ కింద ఉండే రబ్బర్ దిమ్మలు), రెండు డీజిల్ ఫిల్టర్లు ఉన్నాయి. ఇంతకుముందు చూసిన వర్క్‌షాప్‌లో ఇవన్నీ మార్చారు. "మార్చిన రోజు బాగున్నట్టే ఉంటుందండీ, మళ్లీ మామూలే," అన్నాడు ఓనరు. సంచిని ఆయన పడేయకుండా తేవడం మంచిదైంది. ఏం మార్చినా తగ్గలేదన్న సమాచారం కూడా టెస్టు రిజల్టు లాంటిదే. కాకపోతే దానికి అయిన ఖర్చు టెస్టు ఖర్చు కంటే బాగా ఎక్కువ.

బానెట్ ఎత్తకముందు కాసేపు ఆయన్ను మాట్లాడించాను. మిస్సింగ్ ఎప్పుడు వస్తుంది? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఐడిల్‌లోనా, లోడు మీదా? పొగ ఏ రంగు? ఆగి ఆగి వస్తుందా, ఒకే తీరుగా కొడుతూ ఉంటుందా?

"పొద్దున సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. కాసేపటికే ఆగిపోతుంది. మళ్లీ కొడితే ఎక్కుతూ దిగుతూ నడిచి, సర్దుకుంటుంది."

"సర్దుకున్నాక?"

"రోడ్డెక్కితే బానే లాగుతుందండీ. బాగా తిరిగాక ఎక్కడైనా ఆపి ఐడిల్‌లో పెట్టానంటే మాత్రం స్టీరింగ్, అద్దాలు, సీటు అన్నీ ఊగుతాయి. వెనకాల తెల్లపొగ. కళ్లు మండుతాయి."

ఆయన దీన్నంతా ఒకే జబ్బుగా చెబుతున్నాడు. ముందు చూసినవాళ్లూ ఒకే జబ్బుగానే వైద్యం చేశారు. వింటుంటే నాకు మాత్రం ఇవి రెండు కథల్లా అనిపించాయి. పొద్దున అందుకుని ఆగిపోవడం, ఎక్కుతూ దిగుతూ నడవడం ఒకటి. వేడెక్కాక ఐడిల్‌లో ఒకే తీరుగా ఊగడం ఇంకొకటి. మొదటిదానికి లయ లేదు, రెండోదానికి ఉంది. నాలుగు సిలిండర్లకూ ఉమ్మడిగా అందేదాంట్లో, అంటే డీజిల్ సరఫరాలోనో పంపులోనో తేడా వస్తే ఇంజిన్ లయ తప్పుతుంది. ఒక్క సిలిండర్ పని మానేస్తే లయ తప్పదు, ప్రతి రెండు చుట్లకోసారి అదే చోట ఒక దెబ్బ తక్కువవుతుంది. ఈ తేడాను పట్టుకోకుండా స్పానర్ పట్టుకుంటే ఇంకో సంచి నిండుతుందంతే.

ఇంకో సంగతి కూడా నన్ను ఆపింది. హీటర్ ప్లగ్ పోయినా, నోజిల్ కారుతున్నా, పిస్టన్ రింగులు అరిగినా సాధారణంగా చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ వణికి, వేడెక్కే కొద్దీ తగ్గుతుంది. ఈ బండి దానికి సరిగ్గా ఎదురు నడుస్తోంది. వేడితో పెరిగే మిస్సింగ్‌కు కారణాల జాబితా చాలా చిన్నది.

దాచిపెట్టిన వణుకు

బండిని రాత్రంతా కదలకుండా ఉంచి, పొద్దున నేనే స్టార్ట్ చేశాను. ఓనరు చెప్పింది చెప్పినట్టే జరిగింది. వెంటనే అందుకుంది, నాలుగు క్షణాలు చక్కగా తిరిగింది, ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. రెండోసారి సెల్ఫ్ ఎక్కువసేపు తిప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత రెండు నిమిషాల పాటు ఆర్‌పీఎం 600కూ 1,000కీ మధ్య ఊగి ఒక చోట నిలబడింది.

నిలబడింది 950 దగ్గర. మాన్యువల్ ప్రకారం ఈ ఇంజిన్ ఐడిల్ 750. పంపు మీద ఐడిల్ స్క్రూ చూస్తే లాక్ నట్టు కింద కొత్త మెరుపు. ఎవరో స్క్రూ తిప్పి ఐడిల్ పెంచారు. ఇది పాత అలవాటు: వణుకు తగ్గట్లేదంటే ఐడిల్ పెంచి బండి అప్పజెప్పడం. గరిష్ఠంగా ఎంత డీజిల్ వెళ్లాలో నిర్ణయించే ఫుల్ లోడ్ స్క్రూకు వేసిన సీలు చెక్కుచెదరలేదు కాబట్టి పంపును అంతకుమించి కెలకలేదని తేలింది. అది నాకు పెద్ద ఊరట. ఐడిల్‌ను 750కి దించాను. దాచిన వణుకు బయటికి రాకపోతే దాన్ని వెతకడం కష్టం.

750 ఆర్‌పీఎం అంటే ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ నిమిషానికి 375 సార్లు, సెకనుకు సుమారు ఆరుసార్లు మండాలి. ఒకటి మండకపోతే బండి సెకనుకు ఆరుసార్లు ఊగుతుంది. ఇంజిన్ వేడెక్కాక సైలెన్సర్ చివర అరచెయ్యి కాస్త దూరంగా పెట్టి నిలబడ్డాను. గాలి దెబ్బలు ఒక్కొక్కటీ లెక్కపెట్టలేం గానీ, వాటి మధ్య క్రమం తప్పకుండా వచ్చే వెలితి చేతికి బాగానే తెలుస్తుంది. వచ్చింది. పొద్దున ఎగుడుదిగుడుగా నడిచినప్పుడు ఇదే పరీక్ష చేస్తే చేతికి ఏ క్రమమూ అందలేదు. రెండు జబ్బులన్న అనుమానం గట్టిపడింది.

వేరే కారణాలు కొట్టేయడానికి క్లచ్ తొక్కి చూశాను, వణుకులో మార్పు లేదు. ఆయిల్ మూత తీసి చూశాను, లోపలి నుంచి గాలి ఊదడం లేదు. కూలెంట్ తగ్గడం లేదని ఓనరు ముందే చెప్పాడు. మౌంటింగులు కొత్తవే, సరిగ్గానే బిగించారు. వీటితో ఎక్కువ టైమ్ పెట్టలేదు.

ముందు గాలి

ఏ జబ్బు ముందు చూడాలన్న ప్రశ్నకు నా దగ్గర ఒకటే జవాబు: ఉమ్మడిది ముందు. డీజిల్ సరఫరా నిలకడగా లేకపోతే సిలిండర్ల పరీక్షలు ఏవీ నమ్మకంగా చదవలేం. ఒక నట్టు వదులు చేస్తే ఆర్‌పీఎం పడింది ఆ సిలిండర్ వల్లో, అదే క్షణంలో వచ్చిన గాలి బుడగ వల్లో ఎవరు చెప్పాలి?

ఈ రకం రోటరీ పంపులో డీజిల్ లాగే వేన్ పంపు లోపలే ఉంటుంది. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న లైనంతా పీల్పు మీద నడుస్తుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. లైనులో చిల్లి ఉంటే డీజిల్ కారాలి కదా, కారడం లేదు కాబట్టి లైను బాగుంది అనుకుంటారు. పీల్చే లైనులో చిల్లి పడితే ఇంజిన్ నడుస్తున్నంతసేపు డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. బండి ఆపాక ఆ చిల్లి గుండానే గాలి చేరి, లైనులో డీజిల్ మెల్లగా ట్యాంకుకు జారిపోతుంది. పంపు పొట్టలో మిగిలిన డీజిల్‌తో పొద్దున ఇంజిన్ వెంటనే అందుకుంటుంది. అది అయిపోయి గాలి చేరగానే ఆగిపోతుంది. ఓనరు చెప్పిన మొదటి కథ అక్షరాలా ఇదే.

పంపు ఇన్‌లెట్ దగ్గర ఒక జానెడు, మిగిలిన డీజిల్ ట్యాంకుకు తిరిగి వెళ్లే రిటర్న్ దగ్గర ఒక జానెడు పారదర్శకమైన పైపు వేశాను. మర్నాడు పొద్దున స్టార్ట్ చేయగానే ఇన్‌లెట్ పైపులో డీజిల్ ముందు నురగలా వచ్చింది. ఆపైన నాలుగంగుళాల గాలి ముక్క ఒకటి జారుకుంటూ పంపులోకి వెళ్లింది. అది లోపలికి పోయిన రెండు క్షణాలకు ఇంజిన్ ఆగింది. మళ్లీ స్టార్ట్ చేసి సర్దుకున్నాక కూడా సన్నటి బుడగలు వరసగా వస్తూనే ఉన్నాయి. వేడెక్కాక కూడా అవి పూర్తిగా ఆగలేదు గానీ, ఆ మాత్రం గాలిని పంపు రిటర్న్ లైనుకు నెట్టేసుకుంటుంది.

చిల్లి వెతికే ముందు ఒక అడ్డదారి. శుభ్రమైన డీజిల్ నింపిన క్యాను బానెట్ కంటే ఎత్తులో కట్టి, పంపు ఇన్‌లెట్, రిటర్న్ రెండు పైపులూ అందులో పెట్టాను. ట్యాంకు, లైను, ఫిల్టర్ మొత్తం పక్కకు తప్పుకున్నట్టే. రాత్రంతా అలాగే ఉంచి పొద్దున స్టార్ట్ చేస్తే మొదటిసారికే అందుకుంది, ఆగలేదు, ఎక్కుతూ దిగుతూ నడవలేదు. బండిని కదలనివ్వకుండా అక్కడే వేడెక్కించాను. లయ తప్పని వణుకు మాత్రం ఎప్పటిలాగే వచ్చింది. తెల్లపొగ కూడా. ఈ ఒక్క క్యాను రెండు జబ్బులనూ విడదీసి చేతిలో పెట్టింది. ఈ కేసులో నాకు బాగా నచ్చిన పరీక్ష ఇదే.

చిల్లి దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. ట్యాంకు దగ్గర పైపు విప్పి, పంపు వైపు చివర మూసి, లైనులోకి 0.3 బార్ గాలి ఇచ్చాను (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). పీల్పును ఒత్తిడిగా మారిస్తే దాక్కున్న చిల్లి కారడం మొదలుపెడుతుంది. అంతకంటే ఎక్కువ ఒత్తిడి వద్దు, పాత రబ్బర్లు తట్టుకోవు. ఫిల్టర్ హెడ్ మీద చేత్తో నొక్కే ప్రైమర్ చుట్టూ డీజిల్ చెమర్చింది. ఫిల్టర్ రెండుసార్లు మార్చారు, మార్చిన ప్రతిసారీ గాలి తీయడానికి ఇదే ప్రైమర్‌ను గట్టిగా కొట్టారు. లోపలి రబ్బరు పొర (డయాఫ్రమ్) ఎండి అంచులో చిట్లింది. కొత్త ఫిల్టర్ వేసిన రోజు బాగుండటానికి కారణం కూడా తెలిసిపోయింది: అప్పుడే లైను నిండా డీజిల్ కొట్టి పంపిస్తారు కదా. ప్రైమర్ హెడ్ మార్చి, నోజిళ్ల మీద ఎండిపోయిన రిటర్న్ పైపు ముక్కలు కూడా మార్చి, గాలి తీశాను. పారదర్శక పైపులో మర్నాడు ఒక్క బుడగ లేదు.

ఓనరుకు ఫోన్ చేసి సగం అయిందన్నాను. మిగతా సగానికి టెన్షన్ పడ్డాడు, పడాల్సిందే.

ఏ సిలిండర్?

పాత డీజిల్‌లో ఇది తేల్చే పద్ధతి అందరికీ తెలిసిందే. ఐడిల్‌లో ఒక్కో నోజిల్ పైపు నట్టును అర చుట్టు వదులు చేస్తారు. ఆ సిలిండర్‌కు డీజిల్ తగ్గి, అది పనిచేస్తున్నదైతే ఆర్‌పీఎం పడుతుంది. పడకపోతే అదే దొంగ. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు, నట్టు మీద గుడ్డ తప్పనిసరి. ఈ ఒత్తిడిలో వచ్చే డీజిల్ చర్మంలోకి దూరిపోగలదు, అలా దూరితే అది చిన్న గాయం కాదు, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాల్సిన పని. కామన్ రైల్ (కొత్త తరం డీజిల్) ఇంజిన్ మీద ఈ పద్ధతిని కలలో కూడా వాడకూడదు. అక్కడి ఒత్తిడి వెయ్యి బార్ దాటిపోతుంది.

చల్లటి ఇంజిన్ మీద చేస్తే నాలుగూ పడ్డాయి, మూడోది కొంచెం తక్కువ పడింది. వేడెక్కాక చేస్తే 1, 2, 4 గట్టిగా పడ్డాయి. మూడోదాన్ని వదులు చేసినా బిగించినా ఇంజిన్‌కు తేడానే తెలియలేదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఒక్కో సిలిండర్ పొగకు ఒక్కో కాలున్న పైపుల గుత్తి) మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి చూస్తే మూడు కాళ్లు 130 నుంచి 140 డిగ్రీల మధ్య ఉన్నాయి. మూడో సిలిండర్ కాలు 90 దగ్గరే ఆగిపోయింది.

పంపు టైమింగ్, అంటే డీజిల్ ఏ క్షణంలో కొట్టాలన్న లెక్క, చూడమని ఇక్కడ ఎవరైనా సలహా ఇస్తారు. టైమింగ్ తప్పితే నాలుగూ తప్పుతాయి. ఒక్కదానికే రోగం వస్తే దాని జోలికి పోవడం దండగ. రోటరీ పంపులో ఒక్కో సిలిండర్‌కు విడిగా ఉండేది డీజిల్‌ను పైపులోకి వదిలే డెలివరీ వాల్వు ఒక్కటే. నట్టు వదులు చేసినప్పుడు మూడో పైపులోనూ మిగతావాటంత బలంగానే డీజిల్ తన్నింది.

నోజిల్ కొత్తదే అయినా దాన్ని వదల్లేదు. మూడో నోజిల్‌ను ఒకటోదానితో మార్చి బిగించాను, రాగి వాషర్లు కొత్తవి వేసి. జబ్బు నోజిల్‌ది అయితే ఒకటో సిలిండర్‌కు పోవాలి. పోలేదు, మూడోదాంట్లోనే ఉండిపోయింది. విప్పినప్పుడు నాలుగు నోజిళ్లనూ టెస్టర్ మీద పెట్టి చూశాను, నాలుగూ 120 బార్ దగ్గర చక్కగా తెరుచుకుంటున్నాయి, తెరుచుకునే ముందు చుక్క కారడం లేదు. ముందు వర్క్‌షాప్‌వాళ్లు నోజిల్ పని శుభ్రంగానే చేశారు. పని బాగుంది, కాకపోతే ఈ కంప్లయింట్‌కు సంబంధం లేని పని.

చల్లగా పాస్, వేడిగా ఫెయిల్

కంప్రెషన్ (పిస్టన్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతోందన్నది) కూడా ముందే చూశారనీ, బాగుందన్నారనీ ఓనరు చెప్పాడు. నమ్మాను. ఎందుకంటే నేను చల్లటి ఇంజిన్ మీద చూసినా అలాగే వచ్చింది. హీటర్ ప్లగ్గులు నాలుగూ తీసి, డీజిల్ రాకుండా పంపు స్టాప్ సోలినాయిడ్ వైరు పీకి, డీజిల్ ఇంజిన్లకు వాడే కంప్రెషన్ గేజ్ బిగించి సెల్ఫ్ తిప్పితే ఒకటి నుంచి నాలుగు వరకు వరసగా 29, 29, 26, 28 బార్. మాన్యువల్ ఒప్పుకునే తేడా 3 బార్. మూడోది గీత మీద నిలబడింది గానీ దాటలేదు. దీన్ని చూసి ఎవరైనా ఓకే అనే రాస్తారు.

కానీ ఓనరు చల్లటి ఇంజిన్ గురించి కంప్లయింట్ చేయలేదు. బండిని ఐడిల్‌లో వేడి చేయకుండా రోడ్డు మీద బాగా తిప్పి తెచ్చాను. ఆపిన వెంటనే, చేతులు కాలుతున్నా, ప్లగ్గులు తీసి అదే పరీక్ష మళ్లీ చేశాను. ఈసారి 30, 30, 19, 29.

అంకె ఎంత ముఖ్యమో గేజ్ సూది ఎక్కే తీరు కూడా అంతే ముఖ్యం. రింగులు అరిగిన సిలిండర్‌లో మొదటి దెబ్బకు సూది తక్కువ ఎక్కి, తర్వాతి దెబ్బలకు మెట్టు మెట్టుగా పెరుగుతూ పోతుంది. ఇక్కడ మొదటి దెబ్బకే తక్కువ ఎక్కింది, తర్వాత కూడా పెద్దగా పెరగకుండా 19 దగ్గర కూలబడింది. ఇది వాల్వు లక్షణం, అంటే సిలిండర్‌కు గాలి వచ్చే, పొగ పోయే తలుపుల్లో ఒకటి సరిగ్గా మూసుకోవడం లేదు. సిలిండర్‌లో ఆయిల్ పోసి మళ్లీ చూసే పద్ధతి పెట్రోల్ ఇంజిన్లలో పనికొస్తుంది. డీజిల్‌లో పిస్టన్ పైన మిగిలే జాగానే చాలా తక్కువ. పోసిన ఆయిల్ ఆ జాగాను నింపి అంకెను దొంగగా పెంచుతుంది, మరీ ఎక్కువైతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నేను ఆ పని చేయను.

దాని బదులు గాలి పెట్టి లీకేజి చూశాను. మూడో సిలిండర్‌ను కంప్రెషన్ టాప్ సెంటర్‌కు (వాల్వులు మూసి, పిస్టన్ పైకొసకు చేరే చోటికి) తెచ్చి, బండిని గేర్‌లో పెట్టి హ్యాండ్ బ్రేకు లాగి, హీటర్ ప్లగ్ రంధ్రం గుండా 7 బార్ గాలి ఇచ్చాను. గాలి పిస్టన్‌ను కిందికి నెట్టి క్రాంకును తిప్పేయగలదు, అందుకే ఫ్యాన్ దగ్గర చెయ్యి ఉంచకూడదు. మిగతా సిలిండర్లలో లీకేజి 15 నుంచి 20 శాతం లోపు ఉంటే మూడోదాంట్లో 50 దాటింది. ఇక మిగిలింది గాలి ఎటు పోతోందో వినడమే. ఆయిల్ మూత దగ్గర చిన్న గాలి, అన్నిట్లో ఉన్నంతే. రేడియేటర్‌లో బుడగలు లేవు, అంటే హెడ్ గ్యాస్కెట్ కూలెంట్ వైపు బాగానే ఉంది. పక్క సిలిండర్ల ప్లగ్ రంధ్రాల్లో శబ్దం లేదు. ఇన్‌టేక్ నిశ్శబ్దం. సైలెన్సర్ చివర రబ్బర్ పైపు ఒక కొస పెట్టి రెండో కొస చెవి దగ్గర పెట్టుకుంటే బుస్సుమని ఆగకుండా వినిపించింది. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోవడం లేదు.

చప్పుడు చేయని ట్యాపెట్

ఇంజిన్ పూర్తిగా చల్లారాక ట్యాపెట్ కవర్ విప్పాను. వాల్వులను నొక్కి తెరిచే రాకర్లు దాని కింద ఉంటాయి. రాకర్‌కూ వాల్వు కాడకూ మధ్య ఉండాల్సిన సన్నటి ఖాళీయే ట్యాపెట్ గ్యాప్. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-3-4-2. ఒకటికి నాలుగు, రెండుకు మూడు జోడీ. జోడీలో ఒకదాని రెండు వాల్వులూ ఊగుతున్నప్పుడు, అంటే ఒకటి మూసుకుంటూ ఇంకోటి తెరుచుకుంటున్నప్పుడు, రెండోదాని ట్యాపెట్లు కొలవాలి. ఈ ఇంజిన్‌కు చల్లగా ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండింటికీ 0.30 మి.మీ. గ్యాప్ ఉండాలి.

ఇన్‌లెట్లన్నీ 0.28, 0.35 మధ్య ఉన్నాయి. 1, 2, 4 ఎగ్జాస్ట్‌లు 0.20, 0.22 దగ్గర. మూడో ఎగ్జాస్ట్‌లో 0.05 ఫీలర్ రేకు (గ్యాప్ కొలిచే పలుచటి రేకు) పట్టి పట్టి దూరింది, దానికంటే మందమైన రేకు దూరలేదు.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. రాకర్ ముఖం మీద గుంట పడితే రేకు ఆ గుంట అంచుల మీద వంతెనలా నిలబడి, అసలు గ్యాప్ కంటే తక్కువ చూపిస్తుంది. టార్చి వేసి, వేలిగోరు గీసి చూశాను. మూడోదాని ముఖం నున్నగానే ఉంది. కాబట్టి 0.05 నిజమైన అంకే.

దీంతో అన్నీ ఒక తాటి మీదికి వచ్చాయి. చల్లగా ఉన్నప్పుడు ఆ 0.05 చాలు, వాల్వు కూర్చుంటుంది, కంప్రెషన్ 26 వస్తుంది. ఇంజిన్ పనిచేసే కొద్దీ ఎగ్జాస్ట్ వాల్వు తన చుట్టూ ఉన్న ఇనుము కంటే ఎక్కువ వేడెక్కి, ఎక్కువ సాగుతుంది. ఆ కాస్త గ్యాప్ అయిపోతుంది. ఇక రాకర్ వాల్వును పూర్తిగా వదలదు, వెంట్రుకవాసి తెరిచే ఉంచుతుంది. ఐడిల్‌లో పిస్టన్ మెల్లగా పైకి వస్తుంది కాబట్టి గాలి తప్పించుకోవడానికి బోలెడు టైమ్ దొరుకుతుంది. డీజిల్ అంటుకునేంత వేడి పుట్టదు, అది కాలకుండా తెల్లపొగగా పోతుంది, కళ్లు మండుతాయి. స్పీడు పెరిగితే తప్పించుకునే టైమ్ ఉండదు, సిలిండర్ మళ్లీ పని అందుకుంటుంది. ఓనరు చెప్పిన రెండో కథలో ఇందులో ఇమడని మాట ఒక్కటీ లేదు.

ఇన్నేళ్లుగా ట్యాపెట్లు ఎందుకు చూడలేదని అడిగితే, "చప్పుడే లేదు కదండీ," అన్నాడు. చాలామంది మెకానిక్‌లు కూడా అదే అంటారు. టకటకమనే ట్యాపెట్ చెవికి ఇబ్బంది, అంతకుమించి వెంటనే ముంచుకొచ్చేది ఏమీ ఉండదు. చప్పుడు మానేసిన ఎగ్జాస్ట్ ట్యాపెట్‌ను చూసి భయపడాలి. ఎగ్జాస్ట్ వాల్వు తలకు ఎక్కే వేడిలో ఎక్కువ భాగం అది సీటు (హెడ్‌లో వాల్వు ఆనుకునే అంచు) మీద కూర్చున్నప్పుడే హెడ్‌లోకి దిగిపోతుంది. కూర్చోని వాల్వుకు వేడి దించుకునే చోటే ఉండదు, అంచు కాలడం మొదలవుతుంది.

ఎనిమిదింటినీ 0.30కి సెట్ చేశాను. రోడ్డు మీద తిప్పి, వేడిగా మళ్లీ కంప్రెషన్ చూస్తే మూడోది 27. ఐడిల్ 750 దగ్గర కదలకుండా నిలిచింది. మానిఫోల్డ్ నాలుగు కాళ్ల మధ్య తేడా పది డిగ్రీలకు మించలేదు. పొగ పోయింది.

గ్యాప్ ఎటు పోయింది?

కేసు ఇక్కడ మూసేస్తే ఓనరు సంతోషంగా వెళ్లిపోయేవాడు. నాకు ఒక ప్రశ్న మిగిలింది. అరుగుదల వల్ల రాకర్, పుష్ రాడ్, క్యామ్ దగ్గర గ్యాప్ పెరగాలి. తగ్గిందంటే వాల్వు సీటులోకి దిగిపోతోందన్నమాట. సీటు అరిగి వాల్వు తల పైకి పోతే, దాని కాడ అంతే పొడుగున రాకర్ వైపు పొడుచుకొస్తుంది. మిగతా మూడూ ఇన్నేళ్లలో 0.08, 0.10 దిగాయి, అది సహజం. మూడోది ఒక్కటే పావు మిల్లీమీటర్ ఎందుకు దిగింది? మెల్లగా దిగి ఇప్పుడు ఆగిపోయిందా, ఇంకా దిగుతోందా?

హెడ్ విప్పకుండా దీనికి జవాబు చెప్పేది కిలోమీటర్లే. సెట్ చేసిన అంకెలు రాసి కవర్‌కు అంటించాను. 1,500 కిలోమీటర్లు తిప్పి, రాత్రి ఇక్కడే వదిలేసి వెళ్లమన్నాను. బండి బాగా నడుస్తుంటే ఎవరూ తిరిగి రారు. ఈయన వచ్చాడు. చల్లటి ఇంజిన్ మీద మిగతా మూడు ఎగ్జాస్ట్‌లు 0.30 మీదే ఉన్నాయి. మూడో సిలిండర్‌ది 0.18.

అప్పుడు చెప్పాను, హెడ్ విప్పాలని. ఇంకొన్నాళ్లు ట్యాపెట్ సెట్ చేసుకుంటూ నడపొచ్చు కదా అన్నాడు. నడపొచ్చు, ఆ లోపు వాల్వు అంచు ఊడి పిస్టన్ మీద పడకపోతే. రాకర్ స్క్రూకు కూడా ఒక హద్దు ఉంటుంది. ఆయన ఒప్పుకున్నాడు.

విప్పితే మూడో ఎగ్జాస్ట్ వాల్వు మిగతావాటికంటే లోతుగా కూర్చుని ఉంది, స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టకుండానే కంటికి తెలిసేంత. దాని అంచున ఒకచోట, మినపగింజంత మేర, రంగు మారి సన్నటి గాడి మొదలైంది. కారణం గైడులో, అంటే వాల్వు కాడ జారే గొట్టంలో దొరికింది. వాల్వు కాడ పట్టుకుని ఊపితే మూడోది మిగతావాటికి రెట్టింపు ఆడుతోంది. గైడు వదులైతే వాల్వు ప్రతిసారీ ఒక పక్కకు ఒరిగి సీటును కొడుతుంది, ఆ పక్కనుంచి సీటు తినేయడం మొదలవుతుంది.

మెషిన్ షాపులో ముందు హెడ్‌కు ప్రెషర్ టెస్ట్ చేయించాను. ఇండైరెక్ట్ ఇంజెక్షన్ హెడ్లలో వాల్వుల మధ్య, ప్రీ చాంబర్ (డీజిల్ ముందుగా పడే చిన్న గది) అంచుల దగ్గర పగుళ్లు మామూలే. పగుళ్లున్న హెడ్‌కు కొత్త సీటు వేయించడం కంటే పనికిమాలిన ఖర్చు ఉండదు. పగుళ్లు లేవు. మూడో ఎగ్జాస్ట్‌కు కొత్త గైడు, కొత్త సీటు, కొత్త వాల్వు. మిగతావి కొలతల్లోనే ఉన్నాయి కాబట్టి ల్యాపింగ్‌తో (వాల్వును సీటు మీద రాసి చక్కగా ఆనేలా చేయడంతో) సరిపెట్టాం. ఈ ఇంజిన్‌కు హెడ్ గ్యాస్కెట్ మూడు మందాల్లో వస్తుంది. ఏది వేయాలన్నది పిస్టన్ బ్లాకు పైకి ఎంత పొడుచుకొస్తుందో చూసి నిర్ణయిస్తారు, మందాన్ని గ్యాస్కెట్ అంచున ఉండే గాట్లు చెబుతాయి. పిస్టన్లను ముట్టుకోలేదు గనుక పాతదానికి ఎన్ని గాట్లున్నాయో అన్నే ఉన్నది వేశాను, పొడుపు మాత్రం డయల్ గేజ్‌తో ఒకసారి సరిచూసుకుని. హెడ్ బోల్టులు కొత్తవి.

బిగించాక వేడి కంప్రెషన్ 30, 30, 30, 29.

వారం తిరక్కుండానే ఓనరు ఫోన్ చేశాడు. బండి బాగుంది, వణుకు లేదు, పొద్దున ఒక్క సెల్ఫ్‌కే లేస్తోంది, కానీ ఇంతకుముందు లేని టిక్ టిక్ ఏదో ఇంజిన్ పైనుంచి వినిపిస్తోందట, కాస్త బిగించి పెడతారా అని. అది ట్యాపెట్ చప్పుడు, బిగించను అన్నాను. 1,000 కిలోమీటర్ల తర్వాత కవర్ విప్పి కొలిస్తే మూడో ఎగ్జాస్ట్ 0.29 చూపించింది. కొత్త సీటు సర్దుకునేటప్పుడు ఆ మాత్రం మామూలే. దాన్ని 0.30కి తెచ్చి, అంకె, కిలోమీటర్లు కవర్ మీద రాసి పంపించాను.